నాటకవిమర్శలో ప్రాశ్నికాధికారము: వేదము వేంకటరాయశాస్త్రిగారి గ్రామ్యభాషావాదము

తెలుగున స్వతంత్రనాటకరచన 1860 ప్రాంతమున కోరాడ రామచంద్రశాస్త్రిగారి మంజరీమధుకరీయముతో మొదలైనదని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. అది మొదలు నలుబదియేండ్లు నిండకమునుపే నాటకకర్తకును విమర్శకునికిని నడుమ ఒక గట్టి వాదము తెలుగువారి యెదుట నడచినది. నాటకములోని నీచపాత్రలు వ్యాకరణసమ్మతమైన భాష మాటలాడవలెనా, తమ యిండ్లలో మాటలాడుకొను భాషనే రంగముమీదను మాటలాడవలెనా యనునది అందలి ప్రశ్న. పైకి చూచినచో ఇది భాషను గూర్చిన ప్రశ్న. లోతునకు దిగి చూచినచో దీని యడుగున మరియొక ప్రశ్న యున్నది. నాటకమును విచారించి తీర్పు చెప్పు అధికారము ఎవరిది? ఏ యంశమున ఎంతవరకు? ఈ రెండవ ప్రశ్నను ప్రాచీనలాక్షణికుల వచనముల వెలుగులో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మహామహోపాధ్యాయ వేదము వేంకటరాయశాస్త్రిగారు (1853–1929) మద్రాసు క్రైస్తవ కళాశాలలో సంస్కృతపండితులుగా నుండి, 1891లో హర్షుని నాగానందమును తెనిగించిరి. మూలమున సంస్కృతము మాటలాడు పాత్రలకు లక్షణయుక్తమైన తెలుగును, చేటచేటీప్రభృతులకు లోకవ్యవహారములోని తెలుగును వాడిరి. 1897 నాటి ప్రతాపరుద్రీయము వారి స్వతంత్రనాటకము. ఓరుగంటి ప్రభువగు ప్రతాపరుద్రుని ఢిల్లీవారు చెరగొనిపోవుటయు, మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషమున బయలుదేరి స్వామిని విడిపించుటయు అందలి యితివృత్తము. అందు చాకలి పేరిగాడు మొదలగువారి మాటలలో పాత్రోచితభాష మరింత విస్తరించినది. పండితులలో పలువురు దీనిని ఆక్షేపించిరి. శాస్త్రిగారు ఊరకుండక ‘గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనము’ అను వ్యాసమును వ్రాసి తమ పక్షమును శాస్త్రదృష్టితో సమర్థించుకొనిరి. నాటకకర్త విమర్శకు బదులు చెప్పుచు తానే యొక లక్షణగ్రంథమువంటి దానిని వెలయించుట తెలుగున అపూర్వమైన విషయము.

ఆక్షేపము గ్రామ్యభాషమీద మొదటిసారి వచ్చినది కాదనుకొనుట పొరపాటు కాదు గాని, అప్పటికే గ్రామ్యము రంగమెక్కియున్నదని గుర్తింపవలెను. కందుకూరి వీరేశలింగంపంతులుగారు 1876లో వ్రాసిన బ్రహ్మవివాహము వ్యవహారభాషలోనే నడచినది. దానిని చదివి నవ్వినవారు గలరు, కోపగించినవారు గలరు. ఆ కోపము భాషకంటె అందలి సంఘదూషణముమీదనే యెక్కువ. ఏలయనగా అది ప్రహసనము. ప్రహసనము అల్పరూపకమనియు, అందు హాస్యమునకై ఏ మాట వాడినను చెల్లుననియు పండితులు సమాధానపడియుండిరి. చిక్కంతయు వీరరసప్రధానమై, రాజు నాయకుడైన నాటకములోనికి చాకలివాని నుడికారము ప్రవేశించుటతో వచ్చినది. రాజసభకును చాకిరేవునకును నడుమ నున్న గోడను శాస్త్రిగారు పడగొట్టిరని ఆక్షేపకుల బాధ. ఈ బాధ పూర్తిగా నిర్హేతుకము కాదు. రసభంగమగునేమో యను శంక విమర్శకునికి తగిన శంకయే. కాని వారు రసభంగమును నిరూపింపబూనక, పదము సాధువా అసాధువా యను విచారణకే దిగిరి.

ఇక్కడ ఒక పదము రెండర్థములలో దొర్లి వాదమును చెదరగొట్టినది. అలంకారశాస్త్రములో ‘గ్రామ్యము’ ఒక కావ్యదోషము. పామరులు మాత్రమే వాడునట్టియు, శిష్టులకు వెగటు గొలుపునట్టియు పదము గ్రామ్యము. తెలుగు లాక్షణికుల పరిభాషలో ‘గ్రామ్యము’ లక్షణవిరుద్ధమైన భాష. అనగా వ్యాకరణము అంగీకరింపని రూపముల సముదాయము. మొదటిది ఔచిత్యమునకు సంబంధించినది, రెండవది శబ్దసాధుత్వమునకు సంబంధించినది. ఆక్షేపకులు రెండవ యర్థమున గ్రామ్యమైనదానిని చూపి, మొదటి యర్థమున దోషమని తీర్పు చెప్పిరి. అది న్యాయము కాదు. పైగా ఆ మొదటి యర్థములో సైతము గ్రామ్యము నిత్యదోషము కాదు. మమ్మటుడు కావ్యప్రకాశమున సప్తమోల్లాసమున, వక్త మొదలైనవారి ఔచిత్యమునుబట్టి దోషమే గుణమగునని చెప్పి, అధమప్రకృతుల యుక్తులలో గ్రామ్యము గుణమని స్పష్టముగా పలికి, రాజశేఖరుని కర్పూరమంజరిలోని విదూషకుని పలుకులను ఉదాహరించినాడు. పెరుగును అన్నమును పోలికలుగా దెచ్చి వసంతశోభను వర్ణించు ఆ విదూషకుని నోట ఉదాత్తమైన ఉపమానము నుంచియుండినచో నవ్వు పుట్టెడిది కాదు.

నాగానందమునే తీసికొని చూచిన ఈ మాట మరింత విశదమగును. తృతీయాంకమున శేఖరకుడను విటుడు తప్పత్రాగి, తుమ్మెదల బాధ తాళలేక చెంగు ముసుగు వేసికొన్న విదూషకుని చూచి, తన ప్రియురాలు నవమాలికయే యని భ్రమించి బతిమాలుకొనును. ఆ త్రాగుబోతు సంధి తప్పక, ద్రుతము చెడక, అరసున్నలు విడువక బతిమాలుకొన్నచో ప్రేక్షకుడు ఆ పాత్రను నమ్మునా? అతడు త్రాగియున్నాడని కవి రంగసూచనలో వ్రాసికొనవలసినదే. మూలమున ప్రాకృతము చేయుచున్న పనిని తెలుగున ఏదో యొకటి చేయక తప్పదు. అనువాదకునికి ఇది సిద్ధాంతమునకు ముందు ఎదురైన అవసరము.

ఇక అధికారప్రశ్న. భరతుడు నాట్యశాస్త్రమున సిద్ధివ్యంజకమను నిరువదియేడవ అధ్యాయమున ప్రయోగముయొక్క జయాపజయములను నిర్ణయించు ప్రాశ్నికులను పేర్కొన్నాడు. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాంధర్వవేత్త, రాజసేవకుడు అని వారు పదుగురు. యజ్ఞఘట్టము రంగమున నడచునప్పుడు యజ్ఞవేత్త, అభినయమున నర్తకుడు, వృత్తబంధములలో ఛందోవేత్త, పాఠ్యమున శబ్దవేత్త, విల్లుపట్టిన నిలుకడలో విలుకాడు, ఆహార్యమున చిత్రకారుడు, శృంగారోపచారమున వేశ్య, స్వరతాళములలో గాంధర్వవేత్త, కొలువు మర్యాదలలో రాజసేవకుడు పరీక్షకులు. ఇంతమంది ఎందుకనగా, తెలియవలసినది అపారమైనందున ఎల్ల గుణములును ఒక్క ప్రేక్షకునియందు ఉండుట సంభవింపదని భరతుడే హేతువు చెప్పియున్నాడు.

వేశ్యను, విలుకానిని, కొలువు బంటును వైయాకరణునితో సమానముగా ఒకే వరుసలో కూర్చుండబెట్టుటకు భరతునికి జంకు లేదు. శబ్దవేత్తకు ఇచ్చినది పదింట ఒక పీట. అతని మాటకు అతని పీట మేరకు విలువ గలదు, అంతకు మించి లేదు. ప్రతాపరుద్రీయమునకు వచ్చిన ఆక్షేపణలో శబ్దవేత్త తన పీటమీద కూర్చుండి మిగిలిన తొమ్మండుగురి తీర్పును గూడ తానే చెప్పెను. యుగంధరుని వేషము నిలిచినదా, కొలువు ఘట్టములలో కొలువు మర్యాద కనబడినదా, పేరిగాడు ప్రవేశించినప్పుడు వీరరసము సడలినదా లేక హాస్యపు ఊతతో మరల బిగిసినదా యని అడుగవలసినవారికి అవకాశమే చిక్కలేదు. తెలుగునాటకవిమర్శ చాలకాలము గ్రంథవిమర్శగానే మిగిలిపోవుటకు ఈ తొలినాటి పోకడ ఒక కారణమని చెప్పవచ్చును. నేటికిని కళాశాలలలో నాటకమును పాఠ్యగ్రంథముగా బోధించునప్పుడు పద్యమునకు ప్రతిపదార్థము చెప్పి, సంభాషణను ‘స్పష్టము’ అని విడిచిపెట్టు అలవాటు ఆ పోకడకు శేషమే.

ప్రాశ్నికత్వము ఎంత సున్నితమైన పనియో కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున చూపినాడు. నాట్యాచార్యులు గణదాసహరదత్తులు ఎవరు గొప్పయని కలహించి రాజునొద్దకు రాగా, పండితకౌశికి యను పరివ్రాజిక తీర్పరిగా నియమింపబడెను. నాట్యశాస్త్రము ప్రయోగప్రధానమైనది కనుక మాటల వాదులాట చాలునని, శిష్యుల ప్రదర్శనము చూపుడని ఆమె యన్నది. అవయవసౌష్ఠవము కనబడుటకై బరువైన నేపథ్యము లేకుండ పాత్రలు రావలెనని నియమము గూడ పెట్టినది. పరీక్షకురాలిగా ఆ మాటలు నిర్దుష్టములు. అయితే ఆమె లోలోపల రాజు పక్షమున, మాళవికను రాజు కంటబడజేయు పన్నాగములో భాగస్వామిని. శాస్త్రము తప్పని తీర్పులోను స్వపక్షము దాగియుండవచ్చునని కాళిదాసు నవ్వుచు చెప్పినట్లున్నది. ఆ నాటకప్రస్తావనలోనే, ప్రసిద్ధులైన భాససౌమిల్లకవిపుత్రులను విడిచి నేటి కవిని ఆదరించుట ఏలయని పారిపార్శ్వికుడు అడుగగా సూత్రధారుడు ప్రాచీనత్వము గుణమునకు ప్రమాణము కాదని బదులిచ్చును. అది విమర్శకు నాటకము లోపలినుండియే చెప్పిన సమాధానము.

భవభూతి మార్గము వేరు. మాలతీమాధవ ప్రస్తావనలో తన్ను తిరస్కరించువారితో అతడు వాదమునకే పోలేదు. తన యత్నము వారికొరకు కాదనియు, కాలము అంతులేనిది, భూమి విశాలమైనది కనుక తనవంటివాడు ఎప్పుడో ఎక్కడనో పుట్టుననియు చెప్పి ముగించెను. ఆ మాటలు గంభీరములే, కాని వాటితో సంభాషణ తెగిపోవును. వేంకటరాయశాస్త్రిగారు భవిష్యత్తుకు మొరపెట్టుకొనలేదు. ఆక్షేపకుడు ఏ శాస్త్రమును ప్రమాణముగా పట్టుకొనెనో ఆ శాస్త్రమునే తెరచి, సంస్కృతనాటకకర్తలు నీచపాత్రలకు ప్రాకృతములను విధించినట్లే తెలుగు నాటకకర్త గ్రామ్యమును విధింపవలెనని, లక్ష్యలక్షణములు రెండును తమ పక్షమున నున్నవని వాదించిరి. తన అభిరుచి యిట్టిదని చెప్పుకొనక, ఉభయులకు సమ్మతమైన ప్రమాణమును ముందిడుటవలన ఆ సమాధానము విమర్శగా నిలిచినది.

ప్రతాపరుద్రుని పేరు వచ్చినప్పుడు మరియొక ప్రతాపరుద్రీయము స్మరణకు రాకమానదు. విద్యానాథుని ప్రతాపరుద్రయశోభూషణమున నాటకప్రకరణములో లక్షణములకు ఉదాహరణముగా ప్రతాపరుద్రకల్యాణమను ఐదంకముల నాటకము కూర్పబడియున్నది. లక్షణకర్తయే నాటకకర్త యగుటచే అక్కడ ఇరువురి నడుమ ఎడము లేదు. సంధి యేదో, సంధ్యంగమేదో ముందు నిర్ణయమై, దానికి తగిన సన్నివేశము తరువాత వచ్చినది. లక్షణమునకు లక్ష్యముగా అది అమూల్యము, నాటకముగా అంత ప్రాణవంతము కాదు. దానికి రత్నాపణమను వ్యాఖ్య వ్రాసిన కుమారస్వామి సోమపీథి, కోలాచలము మల్లినాథసూరి పుత్రుడు. ఆ కోలాచలము నేటి మెదకు జిల్లాలోని కొల్చారమని పరిశోధకుల నిర్ణయము. రామాయంపేటకు అది పరాయి సీమ కాదు, ఒకే జిల్లాలోని గ్రామము. ఆధారము లేనిది వ్రాయనని, అపేక్షింపనిది చెప్పనని మల్లినాథుడు తన వ్యాఖ్యలకు పెట్టుకొన్న నియమము సంస్కృతవిద్యార్థులందరు ఎరిగినదే. ఆ రెండు నిషేధములును విమర్శకునికి గూడ చెల్లును. ప్రతాపరుద్రీయ నాటకమునుగూర్చిన ఆక్షేపములను ఆ గీటురాతిమీద గీసి చూచినచో, ఆధారము వ్యాకరణమున ఉన్నమాట నిజమే. కాని నాటకమున కది అపేక్షితమా యను రెండవ పరీక్షలో అవి నిలువవు.

అయితే శాస్త్రిగారి సమాధానము చిక్కులు లేనిది కాదు. ప్రాకృతమునకు గ్రామ్యము బదులను సమీకరణము అక్షరశః పాటింపదగినది కాదు. భరతుడు భాషావిధానమున మాగధి, ఆవంతి, ప్రాచ్య, శౌరసేని, అర్ధమాగధి, బాహ్లీక, దాక్షిణాత్య అని ఏడు భాషలను, శబరాభీరాదుల విభాషలను చెప్పి, నాయికలకును వారి సఖులకును శౌరసేనిని, విదూషకునికి ప్రాచ్యను విధించినాడు. నాగానందనాయిక మలయవతి రాజపుత్రి, అయినను ప్రాకృతమే మాటలాడును. విదూషకుడు జన్మచే బ్రాహ్మణుడు, అతనిదియు ప్రాకృతమే. కావున సంస్కృతనాటకములో ప్రాకృతము నీచత్వమునకు గుర్తు కాదు. స్త్రీత్వము, వయస్సు, వృత్తి, దేశము, హాస్యప్రయోజనము అను పెక్కు హేతువులచే ఏర్పడిన విభాగమది. అంతేకాక నాటకములలోని ప్రాకృతములు వరరుచ్యాదులు సూత్రములు కట్టిన భాషలు, వానికిని వ్యాకరణమున్నది. పేరిగాని మాటకు సూత్రములు కట్టినవారు లేరు. ఆక్షేపకులు ఈ భేదమును పట్టుకొనియుండినచో శాస్త్రిగారు మరింత లోతైన సమాధానము చెప్పవలసివచ్చెడిది. వాదము మంచిదగుటకు ఇరుపక్షముల బలమును కావలెను. ఇక్కడ ఒక పక్షము బలహీనమగుటచే రెండవపక్షము తన పూర్తిబలమును చూపనక్కరలేకపోయినది.

దశరూపకమున ధనంజయుడు రెండవ ప్రకాశమున చెప్పిన ఒక నియమము ఈ సందర్భమున మిక్కిలి ముఖ్యము. నీచపాత్ర ఏ దేశముదో ఆ దేశపు భాషయే దానికి తగినదనుట అందలి మొదటిభాగము. ప్రయోజనమునుబట్టి ఉత్తమాదిపాత్రలకు గూడ భాషావ్యతిక్రమము చేయవచ్చుననుట రెండవభాగము. గ్రామ్యభాషావాదమున నీచపాత్రలకే ప్రాధాన్యము వచ్చినది గాని, శాస్త్రిగారి నాటకములో ఈ రెండవభాగమునకు చక్కని లక్ష్యమున్నది. యుగంధరుడు మహామంత్రి. పిచ్చివాని వేషమున వీథులలో తిరుగుచు ఢిల్లీ సుల్తానును పట్టుకొనిపోవుదునని కేకలు వేయునప్పుడు అతడు మంత్రిభాష మాటలాడడు, మాటలాడరాదు. వేషము నిలుచుట భాషమీద ఆధారపడియున్నది. భాష జారెనా స్వామికార్యము చెడును. పాత్రోచితభాష అన్నప్పుడు పాత్రయొక్క జాతిని మాత్రమేకాక ఆ క్షణమున పాత్ర తలపెట్టిన కార్యమును గూడ చూడవలెనని యుగంధరుడు నిరూపించుచున్నాడు.

దీనికి సంస్కృతమున సాటి యున్నది. భాసుని ప్రతిజ్ఞాయౌగంధరాయణమున తృతీయాంకములో మంత్రి యౌగంధరాయణుడు ఉజ్జయినిలో ఉన్మత్తవేషముతో తిరుగుచు ప్రాకృతము పలుకును. తనవారితో ఏకాంతమున మంతనమాడునప్పుడు సంస్కృతమునకు మరలును. ఒకే పాత్ర, ఒకే అంకము, రెండు భాషలు. ఈ పోలికను చూచి శాస్త్రిగారు భాసుని అనుకరించిరని తొందరపడరాదు. త. గణపతిశాస్త్రిగారు అనంతశయనమున భాసనాటకములను ప్రకటింప మొదలుపెట్టినది 1912లో. ప్రతాపరుద్రీయము వెలువడి అప్పటికి పదునైదేండ్లు. ఇరువురికిని కథాబీజము పూర్వగాథలనుండి వచ్చియుండవచ్చును, భాషావ్యతిక్రమము మాత్రము నాటకధర్మమునుండి వచ్చినది.

ధనంజయుని నియమములోని మొదటిభాగము శాస్త్రిగారికే ఎదురుతిరుగునని గూడ చెప్పవలసియున్నది. పేరిగాడు ఓరుగంటి చాకలి. అతని దేశము తెలంగాణము. శాస్త్రిగారు చెవులార వినిన వ్యవహారము నెల్లూరు, చెన్నపట్టణ ప్రాంతములది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలికవృత్తిపదకోశ (1962) పరిశోధనానంతరము తెలుగునాటిని నాలుగు భాషామండలములుగా విభజించినప్పుడు నెల్లూరు దక్షిణమండలమునను, ఓరుగల్లు, మెదకు ఉత్తరమండలమునను చేరినవి. ‘వచ్చిండు’, ‘పోయిండు’, ‘ఏడికి పోతున్నవ్’ అను మాటలు రామాయంపేట అంగడిలో నేటికిని వినబడునవి. ఈ రూపములు వినుచు పెరిగిన విద్యార్థి పేరిగాని సంభాషణము చదివినప్పుడు, ఇది వ్యవహారమే గాని మన యోరుగంటి వ్యవహారము కాదని తెలిసికొనును. శాస్త్రోక్తమైన ఆక్షేపము చేయదలచినచో చేయదగినది ఇది. ఆనాటి పండితులు పేరిగాని భాష ఎందుకు గ్రామ్యమైనదని అడిగిరి. అది ఏ గ్రామముది యని అడుగలేదు.

దీనికి శాస్త్రిగారి పక్షమున ఒక సమాధానము చెప్పుకొనవచ్చును. ప్రతాపరుద్రుని కాలము 1323తో ముగిసినది. నాటి ఓరుగంటి చాకలి ఎట్లు మాటలాడెనో చెప్పగలవారు లేరు. ఏ మండలపు నేటి భాషయైనను అతని నోట ఆరోపితమే. ప్రేక్షకులు చెన్నపురివారు, నెల్లూరివారు అయినప్పుడు వారికి చాకలిగా తోచునట్టి మాటయే రంగమున పనిచేయును. ఈ సమాధానమును అంగీకరించినచో పాత్రోచితభాష నిజమునకు ప్రేక్షకోచితభాష యగును. దేశభాషానియమము స్థానమున లోకధర్మి వచ్చి కూర్చుండును. అటు పిమ్మట ఉత్తమపాత్రలకు మాత్రము లోకవ్యవహారము నిషిద్ధమనుట కష్టమగును.

ఈ తుదిమెట్టు శాస్త్రిగారు ఎక్కలేదు. గిడుగు రామమూర్తిపంతులుగారు, గురజాడ అప్పారావుగారు వ్యావహారికభాషోద్యమమును నడపినప్పుడు శాస్త్రిగారు గ్రాంథికవాదుల పక్షమున నిలిచిరి. దీనిని కొందరు స్వవచనవ్యాఘాతమని నిందించిరి. అది తొందరపాటు తీర్పు. శాస్త్రిగారి దృష్టిలో గ్రామ్యమునకు ప్రవేశము కల్పించినది నాటకము, నాటకములోను పాత్రము. కవి స్వయముగా పలుకు చోట దానికి చోటు లేదు. వారి నిబంధనము అను పేరులోనే ఆ హద్దు గలదు. గురజాడవారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో, అనగా ప్రతాపరుద్రీయము వెలువడిన యేటనే, అచ్చయినది. 1909లో మిక్కిలి మార్పులతో మరల వెలువడినది. అందు నీచపాత్రకొక భాష, ఉత్తమపాత్రకొక భాష యను విభాగమే లేదు. అందరును లోకమువారే, ఎవరి వ్యవహారము వారిది. ఒకే సంవత్సరమున రెండు నాటకములు పాత్రోచితమను మాటకు రెండర్థములు చెప్పినవి. ఒకదానిలో శాస్త్రము అనుమతించిన మేరకు లోకము రంగముమీదికి వచ్చినది, రెండవదానిలో లోకమే రంగమైనది.

1916 నాటి బొబ్బిలియుద్ధమునందు సైతము శాస్త్రిగారు పాత్రోచితభాషను విడువలేదు. పేరిగాని సంభాషణములను మాండలికపదకోశముల ప్రక్కనుంచి పదపదమును పోల్చి, అందు ఏ మండలపు రూపములు ఎన్ని గలవో, యుగంధరుడు పిచ్చివాడై పలికిన మాటలలో ఏ రూపములు కలసెనో లెక్కతేల్చుట ఓరియంటల్ కళాశాలల పరిశోధకులు చేపట్టదగిన పని. దానికి శబ్దవేత్తయే కావలెను. ఆ పీట అతనిదే.